సివిలైజేషన్ 4లో ఊళ్ళు పెంచడం, వాటి ఖర్చు మోయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కందుకూరు. ఇక్కడా, సింగరాయకొండలోనూ, కావలిలోనూ కలిపి, ఊళ్ళు కట్టి రాజ్యం పెంచే ఈ కంప్యూటర్ ఆట ఆడేవాళ్ళం పట్టుమని పదిమందిమి లేం. అయినా నాకు ఫోన్లో వచ్చే ప్రశ్న మాత్రం ఏళ్ళ తరబడి ఒకటే: "అన్నా, ఊళ్ళు కట్టా, డబ్బులైపోయినయ్." ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాసి పెడుతున్నా. ఇందులోని అంకెలన్నీ 2005లో వచ్చిన సివిలైజేషన్ 4కి 2007 నాటి బియాండ్ ద స్వోర్డ్ అనే అదనపు భాగం వేసుకుని, నార్మల్ స్పీడులో ఆడేవాళ్ళకి. మిగతా ఆటల సంగతి కిందెక్కడో ఉంది. ఆటలో సిటీ అన్నదాన్ని మేం ఊరనే అంటాం, ఇక్కడా అలాగే రాస్తా.

ఆరో ఊరు కట్టగానే సైన్సు స్లైడర్ (రాబడిలో పరిశోధనకి పోయే వాటా) 80% నుంచి 40%కి దించాల్సి వచ్చింది. ఎక్కడ తప్పు చేశా?

ఆరో ఊరు కట్టడం తప్పు కాకపోవచ్చు. దాని ఖర్చంతా ఆ ఊళ్ళోనే ఉంటుందనుకోవడం తప్పు.

ప్రతి ఊరికీ టర్నుకింత అని మెయింటెనెన్స్ పడుతుంది. అందులో రెండు ముక్కలు ముఖ్యం. ఆ ఊరు రాజధానికి ఎంత దూరంలో ఉందన్నది ఒకటి, మీకు మొత్తం ఎన్ని ఊళ్ళున్నాయన్నది ఇంకొకటి. దూరపు ముక్క ఆ ఊరితోనే సరి. మెలికంతా రెండోదాంట్లో ఉంది. కొత్త ఊరు వెలిసిన మరుక్షణం పాత ఐదు ఊళ్ళలోనూ ఆ ముక్క పెరుగుతుంది. దానికి తోడు సివిక్స్ (మీరు ఎంచుకున్న పాలనా విధానాలు) ఖర్చు కూడా ఊళ్ళ సంఖ్యనీ, జనాభానీ చూసే పెరుగుతుంది. మీరు కొత్త ఊరి స్క్రీన్ తెరిచి "మూడేగా పడుతోంది" అనుకుంటారు. ఖజానాలోంచి పోయేది అయిదు.

ఉలవపాడు వైపు మా బాబాయి రొయ్యల గుంట చేసేవాడు. ఒక్క గుంట ఉన్నన్నాళ్ళు రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకుని ఆయనే తిరిగేవాడు. పక్కనున్న గుంట కూడా కౌలుకి దొరికితే తీసుకున్నాడు. సీడు, మేత, ఏరియేటర్ల కరెంటు, అన్నీ రెండింతలవుతాయని ముందే లెక్కేసుకున్నాడు. లెక్కలోకి రానిది ఏందంటే, రెండు గుంటలకీ తానొక్కడే చాలక మనిషిని పెట్టాల్సి రావడం, ఆ మనిషి మేత కొలత తప్పి పాత గుంటలోనూ మేత పారబోయడం. కొత్త గుంట ఖర్చు పాత గుంట బిల్లులో కనపడింది. ఆటలో జరిగేది అచ్చంగా ఇదే.

ఇది కావాలని పెట్టిన మెలికే. పాత ఆటల్లో సందు దొరికినచోటల్లా ఊరు కట్టుకుంటూ పోతే గెలిచేయొచ్చు. 2001 నాటి మూడో ఆటలో దాన్ని ఆపడానికి అవినీతి పెట్టారు. దూరపు ఊళ్ళో పండేదంతా మధ్యలోనే మాయం. అయినా ఆ ఊరు మీకు భారమయ్యేది కాదు, పనికిరానిది అయ్యేదంతే. నాలుగో ఆట రూపకర్త సోరెన్ జాన్సన్ ఆ లెక్క తిప్పేశాడు. ఊరు పండించేది దానికి ఉంటుంది, కానీ దాని ఖర్చు ఈరోజే కట్టాలి. ఫలితం రేపు, బిల్లు నేడు. నన్నడిగితే ఈ వరస ఆటలన్నిటిలో ఇదే అందమైన ఆలోచన.

అసలు ఖర్చు ఎంతవుతోందో ఎక్కడ చూడాలి?

ఎఫ్2 నొక్కండి. యూనిట్ల ఖర్చు, సరిహద్దు బయట ఉన్న దళాల సరఫరా ఖర్చు, ఊళ్ళ మెయింటెనెన్స్, సివిక్స్ ఖర్చు, వీటన్నిటి మీదా ఇన్‌ఫ్లేషన్, అన్నీ విడివిడిగా ఉంటాయి. ఊరి స్క్రీన్లో మెయింటెనెన్స్ అంకె మీద మౌస్ పెడితే దూరం ఎంత, సంఖ్య ఎంత అని విడగొట్టి చూపిస్తుంది. సెట్లర్ ఊరు కట్టేముందు ఒకసారి, కట్టిన వెంటనే ఇంకోసారి ఎఫ్2 చూసి తేడా కాగితం మీద రాసుకోండి. ఆ తేడాయే కొత్త ఊరి అసలు ధర. ఈ అలవాటు ఒక్కటి చేసుకుంటే ఈ పేజీలో సగం చదవక్కర్లేదు.

మరి ఎన్ని ఊళ్ళు కరెక్ట్? నాలుగా, ఆరా, పదా?

ఈ ప్రశ్న నాకు నచ్చదు. మ్యాపు సైజు, డిఫికల్టీ, నేల, పక్కవాడు ఎవడు అన్నవి తెలియకుండా అంకె చెప్పేవాడు జాతకం చెప్పేవాడితో సమానం. అడగాల్సింది వేరే ఉంది: ఈ ఊరు ఎన్ని టర్నుల్లో తన ఖర్చు తాను ఈడ్చుకుంటుంది?

ఒక లెక్క వేద్దాం. ఎఫ్2లో తేడా 4 గోల్డ్ వచ్చిందనుకోండి. కొత్త ఊరి నడిబొడ్డు గడి 1 కామర్స్ (సైన్సుకీ ఖజానాకీ పంచే రాబడి) ఇస్తుంది. దారి కలిస్తే ఒక ట్రేడ్ రూటుకి ఇంకో 1. జనాభా ఒకటి కాబట్టి ఒక గడి దున్నుతారు. అది ఏటి ఒడ్డున పచ్చిక గడి అయి, దాని మీద కాటేజ్ (గడులు బాగుచేసే వర్కర్ వేసే గుడిసె, దున్నేకొద్దీ పెరుగుతుంది) ఉంటే 2. మొత్తం 4. అంటే ఆ ఊరు మొదటి రోజే సరికి సరి. పది టర్నులకి ఆ కాటేజ్ హామ్లెట్ అవుతుంది, ఇంకో కామర్స్ కలుస్తుంది. ఈలోగా జనాభా రెండవుతుంది, రెండో కాటేజ్ మొదలవుతుంది. ఇక అది మీకు పెట్టే ఊరే.

అదే ఊరు, అదే చోటు, కానీ కాటేజ్ లేదు, దారి లేదు, వర్కర్ ఇంకా రాజధాని దగ్గర అడవి కొడుతున్నాడు. వచ్చేది 2 మాత్రమే. టర్నుకి 2 చొప్పున నష్టం, అదీ వర్కర్ వచ్చేదాకా. ఊరు తప్పు కాదు, వేళ తప్పు. మూడో రకం ఊరు కూడా ఉంది: చుట్టూ ఎడారి, ఇద్దరు మనుషులకి కూడా తిండి లేదు, మధ్యలో ఏదో మెరిసిందని కట్టేశారు. అది ఎప్పటికీ ఈడ్చుకోదు. ఇనుమో గుర్రాలో లేక చచ్చిపోతున్నారంటే తప్ప కట్టొద్దు.

నేను మూడు ఊళ్ళతో సైన్సు 100% మీద పెట్టి ఆడుతున్నా. ఇది సేఫే కదా?

సేఫే. ఓడిపోవడానికి సేఫ్.

ఊళ్ళు ఎక్కువై మునిగేవాళ్ళకంటే తక్కువై ఎండిపోయేవాళ్ళే నాకు ఎక్కువ కనపడతారు. స్లైడర్ మీద శాతం చూసి మురిసిపోతారు. 10 కామర్స్‌లో 100% అంటే 10. 50 కామర్స్‌లో 40% అంటే 20. రెండోవాడి స్క్రీన్ మీద 40 అని ఎర్రగా భయపెట్టే అంకె ఉంటుంది కానీ చదువుతోంది వాడే. శాతాన్ని వదిలేసి పైన టెక్నాలజీ ఎన్ని టర్నుల్లో వస్తుందో చూడండి, పక్కవాళ్ళు ఏ టెక్నాలజీలో ఉన్నారో చూడండి. మొదట్లో స్లైడర్ దిగడం జ్వరం లాంటిది కాదు, బిడ్డ పళ్ళొచ్చేప్పుడు ఏడ్చినట్టు. దిగి మళ్ళీ ఎక్కుతోందా లేదా అన్నదే ముఖ్యం. ఎక్కడం లేదంటే మాత్రం మళ్ళీ పై లెక్కకి వెళ్ళండి.

దగ్గర దగ్గరగా కట్టాలా, దూరంగా పోయి జాగా ఆక్రమించాలా?

దూరానికి ధర ఉంది, జాగాకి విలువ ఉంది. ఎవరూ రాని వెనకవైపు నేలని తొందరపడి కట్టక్కర్లేదు, అది ఎక్కడికీ పోదు. పక్కరాజు వైపు ఉన్న ఇరుకు సందులో, తిండి బాగున్న చోట మొదట ఒక ఊరు దిగ్గొట్టి దారి మూసేయాలి. మూసిన తర్వాత వెనక ఖాళీని డబ్బు చూసుకుంటూ నెమ్మదిగా నింపుకోవచ్చు. ఈ ఒక్క ఊరికే దూరపు ఖర్చు కళ్ళు మూసుకుని భరించొచ్చు.

దూరం ఎందుకు ఖర్చవుతుందో మన జిల్లాల చరిత్ర చూసినా అర్థమవుతుంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడింది మూడు జిల్లాల అంచులు కలిపి. గుంటూరు నుంచి ఒంగోలు వైపు, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి వైపు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపు. అంచున ఉన్నవాడికి కలెక్టరాఫీసు ఎప్పుడూ దూరమే, ఆఫీసుకి అంచు ఊరు ఎప్పుడూ ఖర్చే. ఇక మా కందుకూరు సంగతి చెప్పక్కర్లేదు. 2022లో తిరిగి నెల్లూరు జిల్లాలో కలిపారు. ఇల్లు కదల్లేదు, జిల్లా మారింది. ఆటలో పక్కరాజు కల్చర్ నొక్కి మన సరిహద్దు ఊరిని లాక్కున్నప్పుడల్లా మావాళ్ళు "కందుకూరు అయిపోయింది" అంటారు.

గడుల సంగతి. ఒక ఊరికి చుట్టూ 20 గడులు వస్తాయి, కానీ ఆట మొదటి సగంలో ఏ ఊరూ వాటిలో సగం కూడా దున్నలేదు. అందుకని రెండు ఊళ్ళ మధ్య నాలుగైదు గడులు పంచుకునేలా దగ్గరగా కట్టడం పిసినారితనం కాదు. రాజధాని పెంచిన కాటేజ్‌ని పక్క ఊరు దున్నొచ్చు, పక్క ఊరు పెంచినదాన్ని రాజధాని తీసుకోవచ్చు.

వర్కర్లు ఎంతమంది ఉండాలి?

ఊరికి ఒకడు, రెండు ఊళ్ళకి ముగ్గురైతే ఇంకా మంచిది. సెట్లర్‌కి 100 హ్యామర్లు (ఊరు చేసే పనికి కొలత), వర్కర్‌కి 60, రెండింటిలో ఏది చేస్తున్నా ఊరు పెరగదు. అందుకే జనం వర్కర్ దగ్గర కక్కుర్తి పడతారు. వర్కర్ లేకుండా సెట్లర్‌ని పంపడం అంటే ఎద్దులు లేకుండా పొలం కౌలుకి తీసుకోవడం. ఒంగోలు ఎద్దుల జిల్లాలో పుట్టి ఈ తప్పు చేస్తే ఎలా?

కాటేజ్‌లా, ఫారాలా?

రెండూ కావాలి, కానీ ఖజానా గురించి అడుగుతున్నారు కాబట్టి కాటేజ్ గురించే చెబుతా. కాటేజ్ 10 టర్నులు దున్నితే హామ్లెట్, ఆపైన 20కి విలేజ్, ఆపైన 40కి టౌన్. మొత్తం 70 టర్నులు. కామర్స్ 1, 2, 3, 4. దున్నిన టర్నులే లెక్క. మనిషిని తీసేసి గనిలో పెడితే ఆ కాటేజ్ వయసు అక్కడే ఆగిపోతుంది. మామిడి తోట పెట్టినవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. మొదటి నాలుగేళ్ళు ఖాళీ చెట్లే కదా అని నీళ్ళు ఆపేస్తే అయిదో ఏడు కాయలుండవు. పొద్దున్నే మొదలుపెట్టిన కాటేజ్‌లే నడి ఆటలో మిమ్మల్ని మోస్తాయి. ప్రింటింగ్ ప్రెస్ వచ్చాక విలేజ్‌కీ టౌన్‌కీ ఇంకో 1, ఫ్రీ స్పీచ్ పెడితే టౌన్‌కి ఇంకో 2 కలుస్తాయి. 4 ఉన్నది 7.

సరిహద్దులో మాత్రం కాటేజ్ వేసేముందు ఆలోచించండి. శత్రువు గుర్రం ఒక్కటి దోచుకుపోతే టౌన్ మెట్టు దిగుతుంది. మీ నలభై టర్నుల కష్టం వాడికి జేబుఖర్చు.

ఫారం లేని ఊరు కాటేజ్‌లు దున్నలేదు, ఎందుకంటే ప్రతి మనిషీ 2 ఫుడ్ తింటాడు. ఊరికి కనీసం ఒక మంచి తిండి గడి ఉండాలి: గోధుమ, మొక్కజొన్న, చేపలు, పందులు ఏదైనా. వరి కూడా ఉంది, కానీ ఈ ఆటలో వరి గడికి ఫారం వేస్తే గోధుమ కంటే ఒక ఫుడ్ తక్కువ. ఈ లెక్క పెట్టినవాడు జన్మలో నెల్లూరు రాలేదని మా కావలి మిత్రుడి గట్టి నమ్మకం.

కోర్ట్‌హౌస్ ప్రతి ఊళ్ళోనూ కట్టేయాలా?

వద్దు. కోర్ట్‌హౌస్ ఆ ఊరి మెయింటెనెన్స్‌ని సగానికి తగ్గిస్తుంది. 120 హ్యామర్లు. ఊరి మెయింటెనెన్స్ 2 ఉన్నచోట కడితే మిగిలేది టర్నుకి 1 గోల్డ్. ఆ 120 హ్యామర్లతో ఒక సెట్లర్ వచ్చేవాడు, ఇంకా చిల్లర మిగిలేది. అదే మెయింటెనెన్స్ 6 ఉన్న దూరపు ఊళ్ళో 3 మిగులుతుంది, ఆట అయ్యేదాకా మిగులుతూనే ఉంటుంది. బాధ ఏందంటే, కోర్ట్‌హౌస్ బాగా అవసరమైన దూరపు ఊరికే హ్యామర్లు ఉండవు. అక్కడ స్లేవరీ అనే సివిక్‌తో జనాభాని ఖర్చు పెట్టి కట్టించడమో, చుట్టూ అడవి మిగిల్చి పెట్టుకుని మ్యాథమెటిక్స్ తర్వాత నరికించడమో చేయాలి. మ్యాథమెటిక్స్‌కి ముందు అడవికి 20 హ్యామర్లు, తర్వాత 30. అందుకే దూరపు ఊళ్ళో అడవిని మొదటి రోజే నరికేయకండి.

ఆర్గనైజ్డ్ అనే లక్షణం ఉన్న నాయకుడు అయితే కోర్ట్‌హౌస్ సగం టైముకే లేస్తుంది, అప్పుడు నా లెక్క మారుతుంది, ఎక్కువచోట్ల కట్టండి. హోలీ రోమన్లకి కోర్ట్‌హౌస్ బదులు వచ్చే రాట్‌హౌస్ 75% తగ్గిస్తుంది. వాళ్ళతో ఆడితే ఈ పేజీ మూసేసి ఊళ్ళు కట్టుకుంటూ పోవచ్చు.

కోర్ట్‌హౌస్‌లు కొన్ని లేస్తే (స్టాండర్డ్ మ్యాపులో 6) ఫర్బిడెన్ ప్యాలెస్ కట్టొచ్చు. అది రెండో రాజధాని లాంటిది. దూరం లెక్క దగ్గరలో ఉన్న ప్యాలెస్ నుంచే వేస్తారు కాబట్టి రాజధాని పక్కన కడితే దండగ. రాజ్యం ఒక కొసన రాజధాని, రెండో కొసన ఇది. ఆట చివర్లో కమ్యూనిజంతో వచ్చే స్టేట్ ప్రాపర్టీ దూరపు ముక్కని పూర్తిగా కొట్టేస్తుంది. ప్రపంచం చుట్టూ ఊళ్ళున్నవాడికి అది వరం, చిన్న రాజ్యానికి పెద్దగా పనిలేదు.

ఏ టెక్నాలజీ ముందు తెచ్చుకుంటే ఖర్చు తట్టుకోవచ్చు?

పాటరీ, రైటింగ్, తర్వాత కరెన్సీ, ఆ తర్వాత కోడ్ ఆఫ్ లాస్. చాలామంది కోర్ట్‌హౌస్ కోసం కోడ్ ఆఫ్ లాస్‌కి ముందు పరిగెడతారు. నాకు కరెన్సీయే ముందు. అది వచ్చిన టర్నులోనే ప్రతి ఊరికీ ఒక ట్రేడ్ రూటు కలుస్తుంది, ఒక్క ఇటుక పెట్టక్కర్లేదు. ఎనిమిది ఊళ్ళుంటే కనీసం ఎనిమిది కామర్స్. పైగా హ్యామర్లని గోల్డ్‌గా మార్చే వీలు, పాత టెక్నాలజీలు డబ్బుకి అమ్ముకునే వీలు వస్తాయి. ఊళ్ళు ఎక్కువున్నవాడికి ఎక్కువ ఇచ్చే టెక్నాలజీ ఇది. అందుకే కరెన్సీ కనుచూపు మేరలో ఉంటే ఒకటి రెండు ఊళ్ళు అప్పు మీద కట్టినట్టు ముందే కట్టేస్తా. రైటింగ్‌తో ఓపెన్ బోర్డర్స్ కుదుర్చుకుంటే పరాయి ఊళ్ళతో రూట్లు పడతాయి, వాటి విలువ సొంత ఊళ్ళ రూట్ల కంటే ఎక్కువ.

సైన్సు 0% పెట్టినా గోల్డ్ తగ్గుతూనే ఉంది. ఇప్పుడేం చేయాలి?

ముందు చేయకూడనిది: ఇంకో ఊరు.

ఖజానా సున్నా అయ్యాక కూడా లోటు ఉంటే మీ దళాలు సమ్మె కడతాయి, ఒక్కొక్కటిగా రద్దయిపోతాయి. ఏది పోవాలో ఆట నిర్ణయిస్తుంది, మీరు కాదు. ఒక వేసవి రాత్రి తొమ్మిది ఊళ్ళతో నేను ఇలాగే ఇరుక్కున్నా. రెండు టర్నుల్లో బయటపడొచ్చులే అనుకుని ఎంటర్ కొట్టా. సరిహద్దు ఊళ్ళో ఉన్న ఒకే ఒక ఆర్చర్ సమ్మెలో పోయాడు. పక్క అడవిలో ఎప్పట్నుంచో నిలబడ్డ బార్బేరియన్ వారియర్ నడుచుకుంటూ ఊళ్ళోకొచ్చాడు. కొట్లాట లేదు, శబ్దం లేదు. మెయింటెనెన్స్ తగ్గిందని ఆనందించాలో ఏడవాలో తెలియలేదు.

మీకు ఆ గతి పట్టకుండా, సున్నాకి రాకముందే సరిహద్దు బయట తిరిగే దళాలని లోపలికి పిలవండి, సరఫరా ఖర్చు ఆగుతుంది. లోపలి ఊళ్ళలో నిలబడి అన్నం తింటున్న అనవసరపు వారియర్లని మీరే రద్దు చేయండి. ఎక్కువగా ఉన్న రిసోర్సుని పక్కరాజుకి టర్నుకింత గోల్డ్ అని అమ్మండి. కరెన్సీ ఉంటే హ్యామర్లు బాగా వచ్చే ఊళ్ళు రెండు మూడింటిని వెల్త్ మీద (హ్యామర్లని గోల్డ్‌గా మార్చడం మీద) పెట్టండి, కొత్త బిల్డింగులు ఆగినా ఫర్వాలేదు. లైబ్రరీ ఉన్నచోట ఇద్దరిని సైంటిస్టులుగా పెడితే స్లైడర్ సున్నాలో ఉన్నా చదువు సాగుతుంది. గనుల్లో ఉన్న మనుషుల్ని కాటేజ్‌ల మీదకి మార్చడం ఆఖరున గుర్తొస్తుంది అందరికీ. మొదట చేయాల్సింది అదే.

స్లైడర్ మధ్యలో పెట్టాలా, 0 నుంచి 100కి దూకించాలా?

దూకించడమే మేలు. కొన్ని టర్నులు 0% మీద డబ్బు కూడబెట్టి, తర్వాత 100% మీద ఖర్చు పెట్టండి.  లైబ్రరీలు లేవబోతున్నప్పుడు డబ్బు దాచి, లేచాక ఖర్చు పెడితే అదే కామర్స్‌కి 25% ఎక్కువ సైన్సు.

సముద్రం ఒడ్డున ఊళ్ళు కడితే?

గ్రేట్ లైట్‌హౌస్ అనే వండర్ (ప్రపంచంలో ఒక్కరే కట్టగలిగే కట్టడం) మీ చేతికొస్తే ఈ పేజీలో చెప్పిన భయాలన్నీ సగమవుతాయి. 200 హ్యామర్లు. ఒడ్డున ఉన్న ప్రతి ఊరికీ రెండు ట్రేడ్ రూట్లు అదనం, కార్పొరేషన్ టెక్నాలజీ వచ్చేదాకా. ఒడ్డున కట్టిన ఊరు, వెనక నేల ఎంత చవకదైనా, కట్టిన రోజే మూడు రూట్లతో పుడుతుంది. మన కోస్తా మ్యాపు లాంటిది పడిందా, కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా వరసగా దింపుకుంటూ పోండి.

వేరే ఖండం మీద కడితే బియాండ్ ద స్వోర్డ్‌లో కాలనీ ఖర్చు అని ఇంకో ముక్క వస్తుంది. అవతలి గడ్డ మీద ఊళ్ళు పెరిగే కొద్దీ అదీ పెరుగుతుంది. అక్కడ ఒకటి రెండుతో ఆపండి, లేదా అవన్నీ కలిపి ఒక సామంత రాజ్యంగా వదిలేయండి. సామంతుడు రిసోర్సులు ఇస్తాడు, బిల్లు తానే కట్టుకుంటాడు. వదిలేయడానికి మనసు రాదు, అది వేరే సంగతి.

యుద్ధంలో గెల్చుకున్న ఊరిని ఉంచుకోవాలా, తగలబెట్టాలా?

శత్రువు రాజధాని, పవిత్ర నగరం, వండర్ ఉన్న ఊరు, టౌన్లు పండిన ఊరు: ఉంచుకోండి. పవిత్ర నగరంలో గుడి కట్టిస్తే ఆ మతం ఉన్న ప్రతి ఊరి నుంచీ 1 గోల్డ్ వస్తుంది, పది ఊళ్ళ మెయింటెనెన్స్ దానితోనే నడిపించినవాళ్ళున్నారు. మంచుగడ్డ మీద కంప్యూటర్ కట్టిన ఊరైతే మాత్రం జాలి పడొద్దు. జనాభా 1 ఉన్న ఊరు ఎలాగూ పట్టుకోగానే నాశనమవుతుంది.

పొగాకు సీజనులో మా వైపు ఒక మాట ఉంది. పక్కవాడు నష్టపోయి వదిలేసిన బ్యారన్ చవగ్గా వస్తోందంటే, అది చవకా కాదా అని కట్టెల ఖర్చు వేసి చూడమంటారు. గెలిచిన ఊరు కూడా చేతికి ఉచితంగానే వస్తుంది. కాల్చడానికి పడే కట్టెలు మీవి.

వరసగా నాలుగైదు ఊళ్ళు పట్టుకున్నవాడు యుద్ధం గెలిచి చదువులో ఓడిపోవడం మామూలే. దండయాత్రకి బయల్దేరేముందే ఖజానాలో కొంత ఉంచుకోండి. పట్టుకున్న ప్రతిసారీ వచ్చే దోపిడీ గోల్డ్ కొన్నాళ్ళు మోస్తుంది, అది ఆదాయం అని భ్రమపడకండి.

సివిక్స్ ఖర్చు తగ్గించలేమా?

సివిక్స్‌కి రేట్లున్నాయి, తక్కువ, మధ్య, ఎక్కువ అని. ఆర్గనైజ్డ్ రిలీజియన్ ఎక్కువ రేటుది. బిల్డింగులు కట్టని రోజుల్లో అది పెట్టుకుని కూర్చోవడం ఏసీ వేసి కిటికీలు తెరిచినట్టు. ఆర్గనైజ్డ్ నాయకులకి సివిక్స్ ఖర్చు సగమే. మార్చినప్పుడల్లా అరాచకం టర్ను పోతుంది కాబట్టి రెండు మూడు ఒకేసారి మార్చండి.

మేం ఐదో ఆట ఆడతాం. ఆరో ఆట ఆడతాం. ఫోన్లో ఆడతాం. ఇదే లెక్కా?

ఆలోచన అదే, బిల్లు మీద పేర్లు వేరు. 2010 నాటి ఐదో ఆటలో ఊరికి నేరుగా మెయింటెనెన్స్ లేదు. బిల్డింగులకి, రోడ్డు గడికి 1 గోల్డ్ చొప్పున రోడ్లకి పడుతుంది. అసలు అడ్డం సంతోషం: ప్రతి ఊరికి 3, ప్రతి మనిషికి 1 అసంతృప్తి, రాజ్యమంతటికీ కలిపి. బ్రేవ్ న్యూ వరల్డ్ వేసుకుంటే స్టాండర్డ్ మ్యాపులో ఊరికి 5% చొప్పున టెక్నాలజీల ధర పెరుగుతుంది. కాబట్టి అక్కడ నాలుగైదు ఊళ్ళతో గెలవడం మర్యాదస్తుల పద్ధతి. నాలుగో ఆట అలవాటుతో పది కడితే జనం తిరగబడతారు.

2016 నాటి ఆరో ఆటలో ఊళ్ళు ఎన్నైనా కట్టుకోమంటారు, ధర సెట్లర్ మీద వేశారు. 80తో మొదలై ఒక్కో సెట్లర్‌కీ 30 పెరుగుతుంది. 2025 నాటి ఏడో ఆటలో ఇన్నే ఉండాలని పరిమితి ఉంది, దాటితే సంతోషం తగ్గుతుంది. చిన్న ఊళ్ళని టౌన్లుగా ఉంచితే వాటి ఉత్పత్తి గోల్డ్ అయిపోతుంది. నాకు ఆరో ఆటలో ఈ విషయంలో పట్టు లేదనిపిస్తుంది, వాదనకొచ్చేవాళ్ళు కాఫీ తాగి రండి.

ల్యాప్‌టాప్ లేనివాళ్ళకి ఫోన్లో అన్‌సివ్ (Unciv) ఉంది. ఉచితం, ఐదో ఆట నియమాల మీద ఓపెన్ సోర్స్‌గా కట్టింది. పైసా ఖర్చు లేకుండా కంప్యూటర్ మీద కావాలంటే ఫ్రీసివ్, అది డెన్మార్క్ విద్యార్థులు 1990ల్లో మొదలుపెట్టింది.

సేవ్ ఫైల్ పంపిస్తే చూసి చెబుతావా అన్నా?

చెబుతా. కానీ "డబ్బులైపోయినయ్" దగ్గరి సేవ్ వద్దు, అప్పటికి అందులో నేను చేసేదేం ఉండదు. ఆఖరి ఊరు కట్టడానికి ఒక టర్ను ముందుది పంపండి. కూడా ఒక చీటీ మీద, ఆ ఊరు కట్టకముందు ఎఫ్2 అంకె, కట్టాక అంకె, దాని పక్కన వర్కర్ ఉన్నాడా లేడా అన్నది రాయండి. నిరుడు సింగరాయకొండ నుంచి ఒకడు ఇలా చీటీ రాస్తూ రాస్తూ మధ్యలో ఆపేసి, "వద్దులే అన్నా, తెలిసిపోయింది" అని ఫోన్ పెట్టేశాడు.